పెరిగే ఊళ్ల గురించే కాదు, తగ్గే ఊళ్ల గురించీ రాయండి

ఎడిటర్ గారికి,

నగరాలు పెరిగిపోతున్నాయని మీ పేపర్లో తరచూ చదువుతుంటాం. నిజమే, 1950లో ప్రపంచ జనాభాలో 30 శాతమే పట్టణాల్లో ఉండేవారు, 2050 నాటికి అది 68 శాతానికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి 2018లో అంచనా వేసింది. కానీ ఖాళీ అవుతున్న ఊళ్ల మాటేమిటి? అమెరికాలోని డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షల మందికి పైగా ఉండేవారు, కార్ల ఫ్యాక్టరీలు తరలిపోవడం, తెల్లవాళ్లు శివార్లకు వెళ్లిపోవడంతో 2020 నాటికి 6.4 లక్షలే మిగిలారు. జనం తగ్గినా పైపులు, రోడ్లు, వీధి దీపాలు తగ్గవు కదా, ఆ ఖర్చంతా మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది, అందులోనూ ఎక్కువమంది ముసలివాళ్లూ పేదవాళ్లే.

జపాన్‌లోని తొయామా నగరం దీన్ని ముందే గుర్తించి, జనం ఒకచోటికి దగ్గరగా చేరేలా, 2006లో పాత రైలు లైనును ట్రామ్ లైనుగా మార్చి, ట్రామ్ లైన్ల దగ్గర ఇల్లు కట్టుకునేవారికి డబ్బు సాయం కూడా చేసింది. నాకు ఇది చాలా నచ్చింది, ఎవరినీ బలవంతంగా కదపలేదు. జర్మనీ తూర్పు ప్రాంతంలోనైతే జనం వెళ్లిపోయి ఖాళీ అయిన ఫ్లాట్లను ప్రభుత్వ ఖర్చుతోనే కూల్చారు.

పెరిగే నగరానికి ముందుగా కావాల్సింది స్థలం, నీళ్లు. తగ్గే ఊరికి బస్సు, ఆస్పత్రి ఆగిపోకుండా చూడటం. రెండింటికీ ఒకే ప్లాన్ పెడితే ఎలా? దయచేసి తగ్గే ఊళ్ల మీద కూడా ఒక సిరీస్ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు