రేకుల మీద అసలు పేరు రాయించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆస్‌బెస్టాస్ (రాతినార) మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ఆ గ్రీకు మాటకు ‘కాలనిది’ అని అర్థం చెప్పారు. అసలు అర్థం ‘ఆరనిది’. హోమర్ ఇలియడ్‌లో దేవతల ఆగని నవ్వుకు కూడా ఇదే విశేషణం వాడాడు. పదార్థాల్లో ఈ పేరు మొదట సున్నానిది. బట్టీలోంచి తీసిన సున్నం మీద నీళ్లు పోస్తే చల్లారకపోగా కుతకుత ఉడికి పొగలు కక్కుతుంది కదా! ఒకటో శతాబ్దపు వైద్యుడు డయోస్కోరిడీస్ ‘అస్బెస్టోస్’ అన్నది ఆ సున్నాన్నే. మన రాతినారను ఆయన ‘అమియాంటోస్’ అన్నాడు, అంటే మైలపడనిది. గ్రీసులోని కారిస్టోస్ పట్నంలో ఆ రాతిని దువ్వి గుడ్డలు నేస్తారని, మాసినవాటిని మంటలో వేసి శుభ్రం చేస్తారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. రోమన్ రచయిత ప్లినీ నాటికి సున్నం పేరు నారకు అంటుకుంది. అది పాములు తిరిగే మన దేశపు ఎడారుల్లో మొలుస్తుందని ఆయన నమ్మకం! ఈ నారతో పనిచేసే బానిసల ఊపిరితిత్తుల జబ్బును ప్లినీ గుర్తించాడన్న మాటా నిలవదు. దుమ్ము పీల్చకుండా ముఖాలకు తిత్తులు కట్టుకుంటారని ఆయన చెప్పింది ఇంగిలీకం అనే ఎర్రరంగు తయారుచేసేవాళ్ల గురించి.

ఇంతా ఎందుకంటే, మన దగ్గర ఈ పేరే కనిపించకుండా పోయింది. ఈ నార కలిపిన పైకప్పు రేకులు కొట్లో అడిగినా, మేస్త్రీని అడిగినా, బిల్లులో చూసినా ‘సిమెంటు రేకులు’. మొన్న మా వీధిలో పాత షెడ్డు పైకప్పును సుత్తులతో బద్దలుకొట్టి, కొత్త రేకుల్ని గ్రైండరుతో కోశారు. పక్కింటి దండెం మీది బట్టలన్నీ తెల్లబడ్డాయి. కోసే కుర్రాడు మూతికి తువ్వాలైనా చుట్టుకోలేదు. పగిలిన ముక్కల్ని రోడ్డు గుంతల్లో పరిచారు, బళ్లు వాటిని పిండి చేస్తున్నాయి.

మా జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు ఈ రాయిని తవ్వేవారు. గనుల లీజులకు అడ్డుకట్ట వేసిన కేంద్రం దిగుమతులను మాత్రం వదిలేసింది. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పీల్చిన పోగు జబ్బుగా బయటపడడానికి ఇరవై, నలభై ఏళ్లు కూడా పట్టవచ్చు. అందుకే కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు దాచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. మరి గ్రైండరు పట్టిన ఆ కుర్రాడి రికార్డు ఎవరు దాస్తారు?

నిషేధం ఎప్పటికొస్తుందో గానీ, ఈలోగా ప్రతి రేకు మీదా, బిల్లు మీదా, పంచాయతీ టెండర్లలోనూ ‘ఆస్‌బెస్టాస్’ అని తెలుగులో పెద్దక్షరాలతో ఉండాలి. పాత కప్పు దించేటప్పుడు నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకును పగలకుండా తీయాలన్న సంగతి మేస్త్రీలకు మున్సిపాలిటీలే చెప్పాలి. మీ పత్రికలో వచ్చే రేకుల ప్రకటనల్లోనూ ఆ మాట వేయించగలరేమో చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, కడప