ఆ పుండ్లు ఎవరి కోసం గీశారు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో రినైసాన్స్ చిత్రకారుల మీద రెండు పేజీలు వేశారు, సంతోషం. లియొనార్డో, రఫేల్‌లను ఆకాశానికెత్తి, జర్మనీ చిత్రకారుడు గ్రూనెవాల్డ్‌ను మాత్రం ‘జుగుప్స పుట్టించే క్రీస్తును గీసినవాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది నాకు మింగుడుపడలేదు.

ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న ఈజెన్‌హైమ్‌లోని సెయింట్ ఆంథోనీ మఠం చర్చికి 1512-16 మధ్య గీసిన, అనేక పలకలున్న బలిపీఠ చిత్రం అది. మఠానికి ఆసుపత్రి ఉండేది. ఎర్గాట్ అనే శిలీంధ్ర తెగులు పట్టిన రై ధాన్యంతో చేసిన రొట్టె తిని, ఒళ్లు మంటలెత్తి, కాళ్లూ చేతులూ నల్లబడి కుళ్లిపోయినవాళ్లు అక్కడ చేరేవాళ్లు. వ్యవసాయ శాఖలో ఉండగా కనిగిరి వైపు సజ్జ చేలల్లో తేనెబంక తెగులు చాలా చూశాను. అదీ ఎర్గాటే, కాకపోతే జాతి వేరు. కంకి మీద జిగురు కారుతుంది, గింజ ఉండాల్సిన చోట నల్లటి గట్టి ముద్ద తయారవుతుంది. విత్తనాన్ని ఉప్పునీళ్లలో పోసి తేలినవి పారేయండయ్యా అని రైతులతో మొత్తుకునేవాళ్లం. పాపం, ఆ రోగులకు తాము తిన్న రొట్టెలోనే విషం ఉందని కూడా తెలియదు.

ఇక ఆ క్రీస్తును చూడండి. ఒళ్లంతా ముళ్లు దిగిన పుండ్లు, కొంకర్లు పోయిన వేళ్లు, ఒకే మేకు దిగి ఉబ్బిపోయిన పాదాలు. సెయింట్ ఆంథోనీని దెయ్యాలు పీడించే పలకలో ఎడమ వైపు కింది మూలన పొట్ట ఉబ్బి, బొబ్బలు తేలిన మనిషి ఒకడు పడి ఉంటాడు. ఆ ఆసుపత్రి రోగులకు అది తమ ఒళ్లే. అందం కోసం వెతికేవాళ్లకు ఇది నచ్చకపోతే తప్పు బొమ్మది కాదు.

పేరు కూడా ఆ చిత్రకారుడికి దక్కలేదు. చాలాకాలం ఇది అదే కాలపు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గీసిందనుకున్నారు. గ్రూనెవాల్డ్ అన్నది 1675లో జాండ్రార్ట్ అనే రచయిత పొరపాటున అంటగట్టిన పేరు; అసలు పేరు మాథిస్. ఫ్రెంచి విప్లవం రోజుల్లో చిత్రాన్ని మఠం నుంచి దగ్గర్లోని కొల్మార్ పట్టణానికి తరలించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ తీసుకెళ్లి ప్రదర్శనకు పెడితే జనం విరగబడ్డారు. అప్పటికి వాళ్ల కళ్ల ముందు యుద్ధంలో అవయవాలు పోయినవాళ్లు ఉన్నారు మరి. 1919లో అది మళ్లీ కొల్మార్ చేరింది.

మీరు వేసింది తపాలా బిళ్లంత ఫొటో. ఈసారి ఆ బొబ్బల మనిషి ఉన్న కింది మూలనే పెద్దదిగా వేయండి. వీలుంటే ఆంథోనీ, పాల్ అనే సన్యాసి కూర్చున్న పలక కూడా. వాళ్ల కాళ్ల దగ్గర మఠంవాళ్లు మందుకు వాడిన మొక్కలుంటాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యవసాయ ఉద్యోగి,
ఒంగోలు.