సబ్బం హరిని ‘మాజీ ఎంపీ’ అని సరిపెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

2025 మే 3న సబ్బం హరి గారి నాలుగో వర్ధంతి. ఆ సందర్భంగా మీ పత్రికలో వచ్చిన చిన్న వార్త చదివాను. ‘అనకాపల్లి మాజీ ఎంపీ’ అని మొదలై, ఆయన ఏ పార్టీలో ఎప్పుడున్నారో వరుసగా చెప్పి, 2021లో కరోనాతో కన్నుమూశారని ముగిసింది. విశాఖపట్నానికి ఆయన అయిదేళ్ళు మేయరుగా ఉన్నారన్న మాట ఎక్కడో చివర, సంవత్సరాలు కూడా లేకుండా తగిలించారు. ఇంత చిన్న విషయానికి ఉత్తరమా అని వారం రోజులు నన్ను నేను ఆపుకున్నాను. కాని ఏప్రిల్‌లో మా నగరంలో మేయరును దించిన వ్యవహారం చూశాక ఇది చిన్న విషయం కాదనిపించి రాస్తున్నాను.

1995 మున్సిపల్ ఎన్నికలు నాకు బాగా గుర్తు. ఆ రోజు పోలింగ్ కేంద్రంలో మా చేతికి రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చారు. ఒకటి మా వార్డు కార్పొరేటరుకు, రెండోది నగర మేయరుకు. మర్రిపాలెంలో ఉన్న నేనూ, పాతనగరంలో ఉన్న మా పెద్దక్కయ్యా, ఇద్దరమూ ఒకే పదవికి ఓటు వేశాం. అంతకు ముందటి ఎన్నికల్లో కాంగ్రెస్ పార్టీకి 294 స్థానాల శాసనసభలో దక్కినవి 26. రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి. ఏడాదైనా తిరగకముందే అదే కాంగ్రెస్ గుర్తు మీద నిలబడి సబ్బం హరి విశాఖ మేయరయ్యారు. అది పార్టీ గెలుపు కాదు, నగరం ఒక మనిషిని ఎంచుకోవడం. 2000 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. అయిదేళ్ళూ రాష్ట్రంలో ప్రత్యర్థి పార్టీ ప్రభుత్వమే. అయినా ఆయన్ను ఎవరూ దించలేదు, దించగలిగే వీలూ లేదు. ఆ అధికారం మా దగ్గర, అంటే ఓటర్ల దగ్గర ఉంది.

ఆయన హయాం అంతా బంగారమని నేను చెప్పడం లేదు. ఆయన మాటతీరు నచ్చనివాళ్ళు చాలామంది ఉండేవారు, నాకే కొన్నిసార్లు నచ్చేది కాదు. ఎవరితోనైనా ముఖాన కొట్టినట్లు మాట్లాడే స్వభావం. కాని కుళాయికి నీళ్ళు రాకపోతే, వీధి దీపం వెలగకపోతే, దానికి జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో నగరంలో రిక్షా తొక్కేవాడికి కూడా తెలిసేది. పేరు పెట్టి తిట్టేవారు, పేరు పెట్టి మెచ్చుకునేవారు. ఇప్పుడు ఇదే నగరంలో పదిమందిని ఆపి మేయరు పేరేమిటని అడగండి. ఎంతమంది చెప్పగలరో మీ విలేఖరులే ఒక పూట తిరిగి చూడవచ్చు.

2009లో ఆయన అనకాపల్లి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ పదవి గొప్పదే, కాదనను. కాని 543 మందిలో ఒకరిగా ఆయన చేయగలిగినది ఎంత? రాష్ట్ర విభజనను వ్యతిరేకిస్తూ తన సొంత పార్టీ ప్రభుత్వం మీదే అవిశ్వాసానికి పూనుకున్నారు. 2014 ఫిబ్రవరిలో కాంగ్రెస్ బహిష్కరించిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీల్లో ఆయన ఒకరు. విభజన ఆగలేదు. ఆ పోరాటాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఢిల్లీలో ఆయన మాట పడిన చోట వందల మాటలు ఉన్నాయి, విశాఖలో ఆయన మాట మేయరు మాట. తరవాత 2019లో భీమిలి నుంచి తెలుగుదేశం తరఫున శాసనసభకు నిలబడి ఓడిపోయారు. ఇవన్నీ మీ వార్తలో ఉన్నాయి. మమ్మల్ని పాలించిన అయిదేళ్ళే చివర ఒక్క ముక్కకు సరిపెట్టారు.

ఎంపీ అంటే పెద్ద, మేయరంటే చిన్న అన్న లెక్క మన పత్రికలకు, మన నాయకులకు ఎప్పుడు అలవాటయిందో తెలియదు. మేయరు పదవిని శాసనసభకో పార్లమెంటుకో ఎక్కే మెట్టుగానే చూస్తున్నాం. బ్రిటన్‌లో ఆండీ బర్నమ్ అనే ఆయన 2001 నుంచి ఎంపీ, ఆరోగ్య మంత్రిగా కూడా పనిచేసినవాడు. 2017లో పార్లమెంటు వదిలి గ్రేటర్ మాంచెస్టర్ మేయరుగా నేరుగా ప్రజల ఓటుతో ఎన్నికయ్యారు. 2021లోనూ 2024లోనూ మళ్ళీ గెలిచారు. ఎనభైల్లో ప్రైవేటు సంస్థల చేతికి పోయిన అక్కడి బస్సులను 2023 నుంచి దఫాలుగా మళ్ళీ ప్రభుత్వ అదుపులోకి తెచ్చారు. లండన్ మేయరు సాదిక్ ఖాన్ కూడా 2016లో ఎంపీ పదవి విడిచి వచ్చినవారే. అక్కడ పార్లమెంటు నుంచి నగరానికి వస్తే ఎవరూ దిగజారాడని అనుకోరు, ఎందుకంటే వచ్చినవాడికి చేయడానికి పని ఉంటుంది.

మా మేయరు చేతిలో ఏముంది? సిటీ బస్సులు ఆర్టీసీవి. నగరం చుట్టూ లేఅవుట్లు, మాస్టర్ ప్లాను విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వి.ఎం.ఆర్.డి.ఎ.) పని. పోలీసు వేరు. మెట్రో రైలుకు ఇంకో సంస్థ. మిగిలిన వాటిలోనూ కార్యనిర్వాహక అధికారం చట్టప్రకారం కమిషనరుదే, ఆ కమిషనరును పంపేది రాష్ట్ర ప్రభుత్వం. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు ఇవ్వదగిన పద్ధెనిమిది పనుల జాబితా ఉంది. నగర ప్రణాళిక, నీటి సరఫరా, అగ్నిమాపక సేవలు, మురికివాడల అభివృద్ధి, అన్నీ అందులో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ జాబితాను పూర్తిగా మనసుపెట్టి అమలు చేసిందా?

అంతకన్నా దుర్మార్గం ఎన్నికలే పెట్టకపోవడం. అయిదేళ్ళ గడువు తీరేలోగా కొత్త పాలకమండలిని ఎన్నుకోవాలని రాజ్యాంగంలోనే రాసి ఉంది. విశాఖలో 1992 నుంచి 1995 దాకా పాలకమండలి లేదు. 2005 నుంచి 2007 దాకా లేదు. 2012 ఫిబ్రవరిలో మేయరు పులుసు జనార్దనరావు గారి గడువు ముగిసింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు! మూడూ కలిపితే దాదాపు పద్నాలుగేళ్ళు ఈ నగరాన్ని మేము ఎన్నుకోని అధికారులు నడిపారు. ఆ తొమ్మిదేళ్ళలో రాష్ట్రంలో మూడు పార్టీలు అధికారంలో ఉన్నాయి. ఎవరి హయాంలో ఎన్నేళ్ళో మీ పాఠకులు లెక్క వేసుకోగలరు.

ఆ తొమ్మిదేళ్ళలో ఏమి జరిగాయో గుర్తు చేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ తుఫానుకు ఒక్క రోజులో నగరం చెట్లన్నీ నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. మా వీధిలో ముసలివాళ్ళు బిందెలు పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక నిలబడ్డారు. అడగడానికి ఒక కార్పొరేటరు లేడు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురంలో పన్నెండు మంది చనిపోయారు. అదీ మా కార్పొరేషన్ పరిధిలోనిదే. ఆ ప్రజల పక్షాన కౌన్సిల్‌లో లేచి నిలబడి, ఇళ్ళ మధ్య ఆ కర్మాగారానికి అనుమతులు ఎలా కొనసాగాయని నిలదీయడానికి అసలు కౌన్సిలే లేదు. అధికారులు కష్టపడలేదని నేను అనను, హుద్‌హుద్ తరవాత రాత్రింబగళ్ళు పనిచేసినవారిని కళ్ళారా చూశాను. కాని అధికారి బదిలీ అయి వెళ్ళిపోతాడు. అయిదేళ్ళ తరవాత మళ్ళీ మా గుమ్మం ఎక్కవలసిన అవసరం అతనికి లేదు.

ఆ కాలంలోనే, 2020 అక్టోబరులో, సీతమ్మధారలో సబ్బం హరి ఇంటి ఆవరణలో కొంత భాగాన్ని కార్పొరేషన్ సిబ్బంది కూల్చివేశారు. పార్కు స్థలం ఆక్రమణ అని వారన్నారు, కాదని ఆయనన్నారు. ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. నన్ను బాధించినది వేరు. ఒకప్పుడు ఆయన అధ్యక్షత వహించిన కౌన్సిల్‌ హాలులో ఆ రోజు ఈ సంగతి మీద ఒక్క ప్రశ్న అడిగే సభ్యుడు లేడు. ఆయన స్థానంలో ఒక సామాన్యుడి ఇల్లు ఉన్నా అంతే.

ఇక ఆ ఏప్రిల్ సంగతి. 2021లో 98 వార్డులకు ఎన్నికలు జరిగితే 58 వార్డులు గెలిచిన పార్టీ నుంచి గొలగాని హరి వెంకట కుమారి గారు మేయరయ్యారు. నాలుగేళ్ళు నిండాయో లేదో అవిశ్వాస తీర్మానం వచ్చింది. కార్పొరేటర్లు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి వెళ్ళారు, శిబిరాలు నడిచాయి. కావలసిన 74 ఓట్లు సరిగ్గా పడ్డాయి, మేయరు మారారు. పదవి కోల్పోయినవారి పక్షాన గాని, ఆ తరవాత వచ్చిన పీలా శ్రీనివాసరావు గారికి వ్యతిరేకంగా గాని నేను రాయడం లేదు. రేపు రాష్ట్రంలో ప్రభుత్వం మారితే పదవి కోల్పోయినవారి పక్షమూ ఇదే చేస్తుంది, మునుపూ చేసింది. మా వార్డు కార్పొరేటరు ఏ గుర్తు మీద గెలిచారో ఆ గుర్తు చూసి ఓటు వేసిన మేము, ఆ రోజు కౌన్సిల్ హాలు బయట పోలీసు బందోబస్తు మాత్రమే చూశాం.

1995లో ఇది జరిగేది కాదు, అప్పుడు మేయరును ఎన్నుకున్నది ఇప్పటిలా కార్పొరేటర్లు కాదు, మేము. మేయరును నేరుగా ఎన్నుకుంటే మేయరుది ఒక పార్టీ, కౌన్సిల్‌లో మెజారిటీ ఇంకో పార్టీది అయి పనులు ఆగిపోతాయని ప్రత్యక్ష ఎన్నిక తీసేసినప్పుడు చెప్పారు. ఆ ఇబ్బంది నిజమే. కాని ఇప్పుడున్న ఇబ్బందితో పోలిస్తే అది భరించదగినది. అప్పుడు గొడవ జరిగితే అందరి ముందు కౌన్సిల్ హాలులో జరిగేది, మర్నాడు మీ పత్రికలోనే చదివేవాళ్ళం. నగరం ఎన్నుకున్న మేయరును మళ్ళీ నగరమే దించాలి తప్ప, హోటల్ గదుల్లో కూర్చున్న నలుగురు కాదు.

ఈ పాలకమండలి గడువు కూడా 2026 మార్చి దాకానే. ఆ తరవాత మళ్ళీ ప్రత్యేకాధికారి పాలనేనేమోనని నా భయం. వార్డుల విభజన అని, జనగణన అని, కోర్టు కేసులని ఏదో ఒక కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మీరొక పని చేయండి. తొలి మేయరు ఎన్.ఎస్.ఎన్. రెడ్డి నుంచి డి.వి. సుబ్బారావు, సబ్బం హరి, రాజాన రమణి, ఈనాటి వారి దాకా అందరి పేర్లూ, వారి సంవత్సరాలూ, మధ్యలో ఖాళీగా ఉన్న సంవత్సరాలతో సహా ఒక పట్టికగా ప్రచురించండి. ఆ ఖాళీలను మా పిల్లలు చూడాలి. వచ్చే మే 3న వార్త వేసేటప్పుడు మొదటి వాక్యంలో ‘విశాఖ మాజీ మేయర్ (1995–2000)’ అని వేయండి, లోక్‌సభ సంగతి ఆ తరవాత.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం