టపా సంచితో ఎదిగిన వంశం

సంపాదకుల వారికి,

ఆదివారం సంచికలో జర్మనీ ప్రభు వంశాల మీద వచ్చిన వ్యాసానికి తూర్న్ ఉండ్ టాక్సిస్ వారి భవనం ఫొటో వేశారు, సంతోషం. వారి అసలు వృత్తి అయిన తపాలా గురించి ఒక్క ముక్కైనా లేకపోవడం మాత్రం తపాలా శాఖలో 36 ఏళ్లు పనిచేసిన నాకు చాలా కష్టంగా తోచింది.

వీరి పూర్వీకులు ఇటలీలో బెర్గామో దగ్గరి కొండల్లో ఉండే టాసో కుటుంబం. ఆ కుటుంబానికే చెందిన ఫ్రాంజ్ వాన్ టాక్సిస్ 1505లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం బ్రస్సెల్స్ నుంచి ఇప్పటి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు ఉత్తరం ఎండాకాలంలో ఐదున్నర రోజుల్లో, చలికాలంలో ఆరున్నర రోజుల్లో చేరాలి. దారి పొడవునా మజిలీలు. గుర్రం మారేది, రౌతు మారేవాడు, సంచి మాత్రం ఆగేది కాదు. దూరం నుంచే కొమ్ముబూర ఊది తన రాక తెలిపేవారు.

ఆ బూర మాట చదివినప్పుడల్లా మా తాత గుర్తొస్తారు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి కొండ ఊళ్లకు టపా మోసిన రన్నరు ఆయన. గజ్జెలు కట్టిన ఆయన ఈటె మా అటక మీద ఉంది. తుప్పు పట్టింది గానీ, కదిపితే ఇప్పటికీ మోగుతుంది.

1615లో పవిత్ర రోమన్ సామ్రాజ్య తపాలా అధిపతి పదవి ఆ వంశానికి వారసత్వంగా దక్కింది. 1852 నుంచి సొంత స్టాంపులూ వేశారు. 1867లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా 30 లక్షల థేలర్లు (అప్పటి వెండి నాణేలు) చెల్లించి ఆ వ్యవస్థను తీసేసుకుంది. మీరు ఫొటో వేసిన రీగెన్స్‌బర్గ్ భవనం ఒకప్పటి మఠం; దక్షిణ జర్మనీలోని బవేరియాలో తపాలా హక్కు పోయినందుకు పరిహారంగా 1812లో వారి చేతికి వచ్చింది.

ఈ నాలుగు మాటలూ వచ్చే ఆదివారం ప్రచురించవలసిందిగా ప్రార్థన.

– విశ్రాంత సబ్ పోస్టుమాస్టరు,
శృంగవరపుకోట, విజయనగరం జిల్లా