మన ఉన్నత పాఠశాల బోధన సహాయ నిధి: 2024–25 విద్యా సంవత్సరపు జమా ఖర్చుల వివరణ

నిధికి తోడ్పడిన గ్రామస్తులకు, పూర్వ విద్యార్థులకు, విశ్రాంత ఉపాధ్యాయులకు కమిటీ తరఫున నమస్కారాలు. మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో టీచర్ పోస్టులు ఖాళీగా ఉన్నందువల్ల పిల్లల పాఠాలు ఆగిపోకూడదని 2024 జూన్‌లో ఊరి సమావేశం తీర్మానించి, డబ్బు పోగుచేసి ఖర్చుపెట్టే బాధ్యతను ఈ కమిటీకి అప్పగించింది. ఏప్రిల్ 23తో బడి ముగిసింది కనుక, వచ్చిన ప్రతి రూపాయికీ, పోయిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా విధి. ఈ డబ్బుతో ఏ పని జరిగిందో, ఏ పని జరగలేదో కూడా ఇదే పత్రంలో చెబుతున్నాము. లెక్కలు సరిపోయినంత మాత్రాన బడి బాగుపడినట్టు ఎవరూ అనుకోకూడదన్నది మా ఉద్దేశం.

మన బడికి ప్రధానోపాధ్యాయుడితో కలిపి మంజూరైన పోస్టులు 9. 2024 జూన్ 12న బడి తెరిచేనాటికి వాటిలో 4 ఖాళీగా ఉన్నాయి: ప్రధానోపాధ్యాయుడు, గణితం, భౌతికశాస్త్రం, సాంఘికశాస్త్రం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ ప్రభుత్వ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకూడదు. తొమ్మిది పోస్టుల్లో పది శాతమంటే ఒక్క పోస్టు కూడా కాదు. ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుందన్న మాట నిజమే గానీ, మన బడిలో ఆరో తరగతికీ పదో తరగతికీ లెక్కలు చెప్పవలసినది ఒకే టీచర్ కాబట్టి, ఆ పోస్టు ఖాళీ అయితే అయిదు తరగతులూ ఒకేసారి నష్టపోతాయి. ఒక్కో తరగతికి రోజుకు ఒక్క లెక్కల పీరియడ్ చొప్పున వేసుకున్నా వారానికి ముప్పై పీరియడ్లు చెప్పేవారు లేకుండా పోతారు. ప్రధానోపాధ్యాయుడి ఖాళీ వల్ల జరిగే నష్టం పైకి కనిపించదు. సీనియర్ అయిన బయోసైన్స్ సారు ఇన్‌ఛార్జి బాధ్యత మోస్తూ, మధ్యాహ్న భోజనం బిల్లులు, మండల సమావేశాలు, ఆన్‌లైన్ వివరాల నమోదు అన్నీ చూసుకుంటూ పాఠం చెప్పవలసి రావడంతో ఆయన పీరియడ్లు కూడా సగం కోతపడ్డాయి. అంటే కాగితం మీద నాలుగు ఖాళీలు, పిల్లలకు మాత్రం దాదాపు అయిదు.

ఈ ఖాళీలు ఒక్క మన ఊరికే వచ్చినవి కావు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు టీచర్ల నియామక పరీక్ష (టీఆర్‌టీ) నోటిఫికేషన్ వచ్చిన తర్వాత, 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ పరీక్ష జరగకుండానే రద్దయింది. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులకు కొత్త డీఎస్సీ (టీచర్ల నియామకం) ప్రకటించేదాకా ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడులకు పెద్ద ఎత్తున మరో నియామకం లేదు. 2021లో పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచడంతో మూడేళ్లపాటు ఆగిన విరమణలు 2024లో మళ్లీ మొదలయ్యాయి. పైగా 2020లో కోవిడ్‌తో బడులు మూతపడ్డాక, అంతకుముందు ఖాళీల్లో పాఠాలు చెప్పిన విద్యా వాలంటీర్లను తిరిగి తీసుకోలేదు. ఆ ఏర్పాటే కొనసాగి ఉంటే ఈ నిధి అవసరం వచ్చేది కాదని మా అభిప్రాయం.

ఇక జమ వివరాలు. వసూలు మొదలుపెట్టే ముందే కమిటీ ఒక నియమం పెట్టుకుంది: ప్రస్తుతం బడిలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులను చందా అడగకూడదు, బడి ఆవరణలో వసూలు చేయకూడదు, బడి ఖాతాలో ఒక్క రూపాయి కూడా వేయకూడదు. సర్కారు బడిలో చదువు ఉచితం. ఆ మాటకు చిల్లు పడే ఏ పనీ మన చేతుల మీదుగా జరగకూడదు. అందుకే ముగ్గురు సభ్యుల పేరిట బ్యాంకులో సంయుక్త ఖాతా తెరిచి, అంకెలు వేసిన రసీదు పుస్తకాల మీదనే డబ్బు తీసుకున్నాము. పూర్వ విద్యార్థుల నుంచి రూ. 2,46,500 వచ్చింది. ఇందులో హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నవారు పంపినదే ఎక్కువ. గల్ఫ్‌లో పనిచేస్తున్న కొందరు ఇక్కడి ఇంటివారి చేత కట్టించారు. గ్రామస్తుల నుంచి రసీదులపై రూ. 1,18,300, విశ్రాంత ఉపాధ్యాయుల నుంచి రూ. 45,000, మహిళా సంఘాల సభ్యుల నుంచి రూ. 36,000, బ్యాంకు వడ్డీగా రూ. 3,140 చేరాయి. మొత్తం జమ రూ. 4,48,940. పిల్లలు బడిలో ఉన్నా తామూ ఇస్తామని పట్టుబట్టిన కొద్దిమంది తల్లిదండ్రులకు నియమం వివరించి డబ్బు తిరిగి ఇచ్చేశాము. వారు నొచ్చుకున్నారని తెలుసు, అయినా ఆ నియమాన్ని సడలించడం సరికాదు.

ఖర్చులో ప్రధాన భాగం బోధకుల గౌరవ వేతనం, రూ. 2,82,000. డిగ్రీలో ఆయా సబ్జెక్టులు చదివి, బీఈడీ పూర్తిచేసి, టీచర్ అర్హత పరీక్ష (టెట్)లో అర్హత సాధించినవారినే తీసుకోవాలని నిర్ణయించాము. ఇంటర్ చదివిన కుర్రవాళ్లతో తక్కువ డబ్బుకు సరిపెట్టవచ్చని వచ్చిన సూచనను అంగీకరించలేదు, ఎందుకంటే అర్హత లేనివారిని నిలబెట్టి క్లాసు నడుస్తున్నట్టు చూపడం ఖాళీ కంటే పెద్ద నష్టం. నెలకు రూ. 12,000 చొప్పున, ప్రతి నెలా అయిదో తేదీలోగా చెక్కు ద్వారానే చెల్లించాము. గణితం మేడమ్ జూలై నుంచి ఏప్రిల్ వరకు పది నెలలు పనిచేశారు, ఆమెకు రూ. 1,20,000 అందింది. ఆమె మండల కేంద్రం నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేవారు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే మహాలక్ష్మి పథకం వల్ల ఆమెకు ప్రయాణ ఖర్చు ఇవ్వవలసిన అవసరం రాలేదు. ఏడో తరగతిలో భిన్నాలు రాని పిల్లలను గుర్తించి, ఉదయం ప్రార్థనకు ముందు విడిగా కూర్చోబెట్టి నేర్పినందుకు ఆమెకు కమిటీ ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెబుతోంది. అందుకు ఆమె అదనంగా ఏమీ అడగలేదు.

భౌతికశాస్త్రం విషయంలో ఇబ్బంది పడ్డాము. ద్విభాషా పుస్తకాలతో ఇంగ్లిష్ మీడియంలో ఆ సబ్జెక్టు చెప్పగలవారు దొరకడమే కష్టం, దొరికినవారిని పన్నెండు వేలతో నిలుపుకోవడం ఇంకా కష్టం. మొదట చేరిన యువకుడు డిసెంబరు వరకు ఆరు నెలలు శ్రద్ధగా చెప్పి, ఒక ప్రైవేటు కాలేజీలో ఎక్కువ జీతం రావడంతో వెళ్లిపోయారు. ఇంటి బాధ్యతలున్న మనిషిని తప్పుపట్టలేము. ఆయనకు రూ. 72,000 చెల్లించాము. రెండో వ్యక్తి సంక్రాంతి సెలవుల తర్వాత చేరారు. సగం జనవరికి, ఆ తర్వాతి మూడు నెలలకు కలిపి రూ. 42,000 ఇచ్చాము. మధ్యలో ఏర్పడిన ఖాళీకి పొరుగు బడి నుంచి వారానికి రెండు రోజులు ఒక టీచర్‌ను సర్దుబాటు చేస్తామని అధికారులు అన్నారు గానీ, ఆ బడిలోనూ ఆ సబ్జెక్టుకు ఉన్నది ఒక్కరే. ఇక్కడి ఖాళీని అక్కడికి జరపడం మాకు న్యాయం అనిపించలేదు, అందువల్ల ఒత్తిడి చేయలేదు.

సాంఘికశాస్త్రం ఖాళీ మాత్రం సక్రమంగా భర్తీ అయింది. 2024 అక్టోబరు 9న హైదరాబాదు ఎల్‌బీ స్టేడియంలో డీఎస్సీలో ఎంపికైనవారికి నియామక పత్రాలు ఇచ్చాక, ఆ నెల రెండో పక్షంలో మన బడికి రెగ్యులర్ టీచర్ వచ్చి చేరారు. జూలై నుంచి పాఠాలు చెబుతున్న మన బోధకుణ్ని అప్పుడు విడిచిపెట్టవలసి వచ్చింది. ముందుగా తెలియజేసే వీలు లేకపోయింది కనుక, నెల నిండకముందే వెళ్లవలసి వచ్చినా అక్టోబరు నెల మొత్తం చెల్లించాలని కమిటీ తీర్మానించి, నాలుగు నెలలకు రూ. 48,000 ఇచ్చింది. ఒక సభ్యుడు దీనికి అభ్యంతరం తెలిపారు, దానిని మినిట్స్ పుస్తకంలో నమోదు చేశాము. మిగిలినవారి అభిప్రాయం ఒకటే: ఊరు పిలిస్తే వచ్చిన మనిషిని నెల మధ్యలో ఉత్త చేతులతో పంపకూడదు.

మిగతా ఖర్చులు చిన్నవి. భౌతికశాస్త్రం బోధకులిద్దరి బస్సు చార్జీలకు నెలకు రూ. 800 చొప్పున రూ. 7,600, ప్రయోగశాలకు పరీక్షనాళికలు, లిట్మస్ కాగితాలు, మెగ్నీషియం తీగ, బల్బులు, బ్యాటరీలకు రూ. 9,380, పదో తరగతి అభ్యాస పత్రాల జిరాక్సుకు రూ. 11,760, సాయంత్రం ప్రత్యేక తరగతుల పిల్లలకు జనవరిలో పెట్టిన అల్పాహారానికి రూ. 14,850 అయ్యాయి. ఫిబ్రవరి నుంచి ప్రభుత్వమే అల్పాహారానికి నిధులు ఇచ్చింది కనుక మన ఖర్చు అక్కడితో ఆగింది. రసీదు పుస్తకాలు, బ్యాంకు చార్జీలు, నోటీసుల ముద్రణకు రూ. 3,450. ఖాళీల భర్తీ కోసం జిల్లా విద్యాధికారి (డీఈవో) కార్యాలయానికి, కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లిన ప్రయాణాలు, సమాచార హక్కు దరఖాస్తు, పత్రాల నకళ్లు కలిపి రూ. 4,920. దరఖాస్తు రుసుము పది రూపాయలే. తక్కినదంతా బస్సు చార్జీలు, జిరాక్సులు. సభ్యుల భోజనాలకు, ఫోన్లకు ఈ నిధి నుంచి ఏమీ తీసుకోలేదు.

ఆ విధంగా గౌరవ వేతనాలు కాక ఇతర ఖర్చులు రూ. 51,960, మొత్తం ఖర్చు రూ. 3,33,960. జమలోంచి ఖర్చు పోగా నిల్వ రూ. 1,14,980. ఇందులో రూ. 1,13,400 బ్యాంకులో, రూ. 1,580 కోశాధికారి వద్ద నగదుగా ఉన్నాయి. కమిటీలో లేని ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు నగదు పుస్తకాన్ని, ఓచర్లను, బ్యాంకు పాసుబుక్కును సరిపోల్చి సంతకాలు చేశారు.

ఇక జరగని పని గురించి. ప్రధానోపాధ్యాయుడు, గణితం, భౌతికశాస్త్రం పోస్టులు నేటికీ ఖాళీగానే ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుల పోస్టులు పదోన్నతి ద్వారానే నిండాలి, స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లోనూ అధిక భాగం పదోన్నతులకే కేటాయించి ఉంటాయి. కనుక డీఎస్సీ ఎన్నిసార్లు జరిగినా పదోన్నతులు సకాలంలో జరగనిదే ఇవి నిండవు. మన దరఖాస్తుకు వచ్చిన జవాబులో గణితం పోస్టు పదోన్నతి కోటాలో ఉందని రాశారు. ఎప్పటిలోగా నింపుతారో రాయలేదు. ఈ పరిస్థితిలో మేము ఎక్కువగా భయపడినది ఒక విషయానికి. ఊరు డబ్బు పెట్టి పాఠాలు చెప్పిస్తోంది కదా, అక్కడ తొందర లేదని పై కార్యాలయాల్లో అనుకోవచ్చు. అందుకే మన బోధకుల పేర్లను బడి హాజరు పట్టికలో గానీ, ప్రభుత్వానికి పంపే ఏ వివరాల్లో గానీ టీచర్లుగా చూపవద్దని ఇన్‌ఛార్జి సారును లిఖితపూర్వకంగా కోరాము. ఆయన అలాగే చేశారు. స్టాఫ్ రూమ్ టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడ్ల పక్కన ‘పోస్టు ఖాళీ’ అనే రాయించాము. మనం భరించినది పాఠాల ఖర్చు. టీచర్‌ను నియమించే బాధ్యత ప్రభుత్వానిది, అది ఇంకా నెరవేరలేదు.

వచ్చే ఏడాది కూడా గణితం, భౌతికశాస్త్రం సబ్జెక్టులకు పది నెలలు చెప్పించాలంటే రూ. 2,40,000 కావాలి. ఉన్న నిల్వ నాలుగు నెలలకు రూ. 96,000 చెల్లించడానికి సరిపోతుంది. ఇప్పుడే మళ్లీ వసూలు మొదలుపెట్టాలని కొందరు, ఏటా వసూలు చేస్తే ఇదే శాశ్వత ఏర్పాటుగా మారుతుందని కొందరు వాదించారు. చర్చ తర్వాత కమిటీ తీసుకున్న నిర్ణయం ఇది: బడి తెరిచిన నాటి నుంచి నాలుగు నెలలపాటు నిల్వతో పాఠాలు కొనసాగిస్తాము, ఆ లోపల పోస్టుల భర్తీ కోసం ఊరి సంతకాలతో వినతిపత్రాన్ని 26వ సెక్షన్ ఆధారంగా కలెక్టరుకు, విద్యాశాఖ డైరెక్టరుకు సమర్పిస్తాము, కొత్త చందా అడగాలా వద్దా అన్నది దాతల సమావేశంలోనే తేలుస్తాము. పోస్టులు నిండితే మిగిలిన మొత్తాన్ని ప్రయోగశాలకు వాడాలని ప్రతిపాదిస్తున్నాము.

దాతల జాబితాను, వారిలో పేరు వేయవద్దన్నవారిని మినహాయించి, గ్రామపంచాయతీ నోటీసు బోర్డుపై అంటించాము. నగదు పుస్తకం, ఓచర్లు, గౌరవ వేతనం రసీదులు, అధికారులకు ఇచ్చిన అర్జీల నకళ్లు మే నెలాఖరు వరకు పంచాయతీ కార్యాలయంలో ఉదయం పది నుంచి పన్నెండు గంటల మధ్య ఎవరైనా చూడవచ్చు. అభ్యంతరాలు, సూచనలు రాతపూర్వకంగా కోశాధికారికి ఇస్తే, జూన్ మొదటి ఆదివారం జరిగే దాతల సమావేశంలో ఒక్కొక్కటిగా చదివి సమాధానం చెబుతాము.