వానలకు ముందే పగుళ్లు పూడ్చాలి

సంపాదకులకు నమస్కారం.

తారు రోడ్డుపై పడే సన్నని పగుళ్లు కొన్ని వాటంతటవే అతుక్కుంటాయంటే నమ్మశక్యంగా ఉండదు గానీ, అది తారుకు సహజంగా ఉన్న గుణమే. చూడటానికి గట్టిగా ఉన్నా, తారు వేడెక్కేకొద్దీ మెత్తబడి అతి నెమ్మదిగా పారుతుంది. పగులుకు రెండు వైపులా ఉన్న తారు ఒకదాన్నొకటి తాకి, వాటి అణువులు అటూ ఇటూ చొరబడి కలిసిపోతే అతుకు పడుతుంది. ఇందుకు వేడి, బరువు పడని విరామం, పగులు లోపల శుభ్రంగా, పొడిగా ఉండటం అవసరం. మన ఓరుగల్లు ఎండల్లో వేడికి కొదువ లేదు. కొరవడినవి మిగతా రెండే.

గ్రానైట్, ఇసుక లారీలు పరిమితికి మించిన బరువుతో రాత్రింబవళ్లు తిరిగే దారులకు విరామం దొరకదు. దుమ్ము, నీరు చేరిన పగులులో తారు తారును తాకనే తాకదు. అంతకన్నా పెద్ద నష్టం తారును, కంకరను వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంటులోనే మొదలవుతుంది. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారును 165 డిగ్రీలు దాటించి కాచితే అది ఆక్సిజన్‌తో కలిసి ముందే ముదిరి, పెళుసుబారి, పారే గుణాన్ని పోగొట్టుకుంటుంది. రోడ్డు పైకి నల్లగా నిగనిగలాడుతున్నా దాని ఆయుష్షు అప్పటికే తరిగిపోయినట్టే.

నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తారులో సన్నని ఉక్కు పోగులు కలిపి, రోడ్డు మీదుగా నడిపే యంత్రం కలిగించే విద్యుదయస్కాంత ప్రేరణతో, అంటే తాకకుండానే అయస్కాంత ప్రభావంతో, వాటిని వేడెక్కించి పగుళ్లు మూసే పద్ధతిని రూపొందించగా, 2010లో ఏ58 రహదారిపై దాన్ని ప్రయోగించి చూశారు. మెచ్చుకోదగినదే అయినా, ఉన్న పగుళ్లనే సకాలంలో పూడ్చని చోట ఆ యంత్రాల ఊసు ఇప్పుడెందుకు?

గుంత పడ్డాక వానలోనే కంకర పోసి తొక్కించే ఆనవాయితీని మాని, మే నెలలోనే పగుళ్లను గాలితో ఊది శుభ్రం చేసి తారుతో మూయించాలని రోడ్ల నిర్వహణ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. బయటి నుంచి నీరు దిగకుండా ఆపితేనే, లోపల కంటికి కనిపించని సన్నని చీలికలకు అతుక్కునే వీలుంటుంది. ప్లాంటులో తారు వేడిని నమోదు చేసే పుస్తకాన్ని బిల్లుతో పాటు జతచేయాలన్న నిబంధన కూడా పెడితే, కాచడంలో జరిగే తప్పు బిల్లు చెల్లించకముందే బయటపడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ