165 అడిగితే 170 పంపిన క్రాంక్‌సెట్ మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం.

మా అమ్మాయి ట్రాక్ సైక్లింగ్‌లో స్ప్రింట్ ఈవెంట్లలో పోటీ పడుతుంది. ఆమె సైకిల్‌కి 165 మి.మీ. పొడవున్న క్రాంక్‌సెట్ (పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీలు, అంటే క్రాంక్‌లు, రెండూ కలిసిన సెట్టు) కావాలని మీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టాను. బిల్లులో 165 అనే ఉంది, పెట్టె మీదా 165 స్టిక్కరే. తెరిచి చూస్తే క్రాంక్ లోపలి వైపు, పెడల్ బిగించే రంధ్రం పక్కన, 170 అని ముద్ర ఉంది. ముద్రే తప్పేమోనని స్టీలు స్కేలు పెట్టి ఇరుసు రంధ్రం మధ్య నుంచి పెడల్ రంధ్రం మధ్యకు కొలిచాం. సరిగ్గా 170. రెండో క్రాంకూ అంతే. పెట్టె మీద స్టిక్కర్ మూల కొంచెం లేచి ఉంటే గోటితో లాగాను. కింద ఇంకో స్టిక్కర్, దాని మీద 170! ప్యాకింగ్‌లో ఒకదానికి బదులు ఇంకొకటి పడిందని ఎలా అనుకోమంటారు?

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి, 165 స్టాక్ లేక దగ్గరి సైజు పంపామని, 5 మి.మీ. తేడా తొక్కేవాళ్ళకు తెలియనే తెలియదని, పైగా పొడవు క్రాంక్‌తో బలం ఎక్కువ వస్తుందని చెప్పారు. 8వ నంబరు చెప్పులు అడిగితే 9 చేతిలో పెట్టి ‘ఇవి ఇంకా మంచివి’ అన్నట్టుంది. వెనక్కి తీసుకోమంటే సీల్ విప్పారు కాబట్టి కుదరదట. సీల్ విప్పకుండా లోపలి ముద్ర ఎలా చదవాలో మాత్రం ఆయన చెప్పలేదు.

ఆ 5 మి.మీ. సంగతి మీకు వివరంగా రాయక తప్పడం లేదు. 250 మీటర్ల వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్‌లో) మలుపుల దగ్గర ట్రాక్ 42 నుంచి 45 డిగ్రీల దాకా వాలుగా ఉంటుంది. వేగంగా వెళ్తున్నప్పుడు సైకిల్ కూడా ఆ వాలుకు తగ్గట్టు ఒరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. నెమ్మదిస్తే సైకిల్ నిటారుగా లేస్తుంది, ట్రాక్ మాత్రం వాలుగానే ఉంటుంది. గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతారు కాబట్టి ఎగువ పక్క కుడి పెడల్ ఉంటుంది. అది కిందికి వచ్చినప్పుడు ట్రాక్‌కి తగిలితే వెనక చక్రం పట్టు వదిలేయవచ్చు, మనిషి జారి పడే ప్రమాదం ఉంది. రైడర్లు ఒకరితో ఒకరు నేరుగా తలపడే మ్యాచ్ స్ప్రింట్‌లో ట్రాక్ మీద మొదటి రౌండ్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ, కావాలనే నెమ్మదిగా, వాలు పైభాగంలో తిరుగుతారు. ఒక్కోసారి దాదాపు ఆగిపోతారు కూడా. రోడ్ సైకిల్ అయితే తొక్కడం ఆపి ఆ పక్క పెడల్‌ని పైకి పెట్టుకోవచ్చు. ట్రాక్ సైకిల్ ఫిక్స్‌డ్ గేర్. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, బ్రేకులూ ఉండవు. క్రాంక్ 5 మి.మీ. పొడవైతే పెడల్ 5 మి.మీ. కిందికి దిగుతుంది. అక్కడ మిగిలే ఖాళీయే తక్కువ. మాకు టెన్షన్ అంతా దీని గురించే.

కాలి వేగం సంగతీ ఉంది. 165కి బదులు 170 వేస్తే ఒక్కో చుట్టుకు పాదం సుమారు 31 మి.మీ. ఎక్కువ తిరగాలి. స్ప్రింట్‌లో నిమిషానికి 130 చుట్లు పైనే పడతాయి. పైగా పెడల్ కిందికి వెళ్ళినంత మేరా సీటు దించాలి, పైకి వచ్చినప్పుడు పాదం మరో 5 మి.మీ. లేస్తుంది. అంటే వంగి తొక్కేటప్పుడు మోకాలికీ ఛాతీకీ మధ్య మొత్తం 10 మి.మీ. చోటు పోతుంది.

ఇక బలం మాట. 170తో పెడల్ నొక్కే పట్టు (లీవరేజ్) 3 శాతం పెరుగుతుంది, కాదనను. ఆ మాత్రం చెయిన్‌రింగ్‌లో (క్రాంక్ దగ్గర చెయిన్ పట్టే పళ్ళ చక్రంలో) ఒకటి రెండు పళ్ళు తగ్గిస్తే వస్తుంది. 2001లో మార్టిన్, స్పిర్దూసో అనే పరిశోధకులు 120 నుంచి 220 మి.మీ. దాకా ఐదు పొడవుల క్రాంక్‌లతో సైక్లిస్టుల గరిష్ఠ శక్తిని కొలిచారు. ఎక్కువ శక్తి వచ్చింది 145, 170ల దగ్గర, 220 దగ్గర కాదు. అంత తేడా ఉన్న పొడవుల మధ్య కూడా శక్తిలో తేడా 4 శాతమే. శక్తి కోసమే అయితే 165కీ 170కీ ఎవరూ కొట్టుకోనక్కర్లేదు. అందుకే మా కోచ్ మిగతావి చూసి 165 అన్నారు. పొడవు కాళ్ళున్న పర్సూట్ (స్ప్రింట్ కంటే ఎక్కువ దూరం తొక్కే ఈవెంట్) రైడర్‌కి ఇంకో సైజు నప్పవచ్చు, అది వాళ్ళూ వాళ్ళ కోచ్ తేల్చుకుంటారు.

మీ సైజు చార్ట్ మా అమ్మాయి ఎత్తుకు 170 చూపిస్తోందని కూడా అన్నారు. ఆ చార్ట్‌లో ఎత్తు ఒక్కటే అడుగుతున్నారు. కాలి పొడవు లేదు, ఈవెంట్ ఏదో లేదు, రోడ్డా ట్రాకా అన్నది కూడా లేదు. దాన్ని ట్రాక్ క్రాంక్‌ల పేజీలో పెట్టడమే తప్పు, దయచేసి తీసేయండి.

నాకు డబ్బు వాపసు వద్దు, ఇదే మోడల్‌లో 165 కావాలి. మా దగ్గరున్న చెయిన్‌రింగ్‌లు ఐదు బోల్టులవి, బోల్టుల వలయం వ్యాసం 144 మి.మీ., బాటమ్ బ్రాకెట్ (క్రాంక్‌ల ఇరుసు తిరిగే భాగం) కూడా ఈ మోడల్‌కి సరిపోయేదే. ఇంకో రకం తీసుకుంటే అవన్నీ మార్చాలి. కుడి, ఎడమ క్రాంక్‌లు రెండూ 165 అని పంపే ముందు మీ వాళ్ళు ముద్ర చూసి ఫోటో తీసి పంపాలి. రానుపోను కొరియర్ ఖర్చు మీదే. స్టాక్ లేకపోతే ఎప్పటికి వస్తుందో చెప్పండి, ఆగుతాం. ఇంకో సైజు మాత్రం అడక్కుండా పంపవద్దు.

క్రాంక్‌లను సైకిల్‌కి బిగించలేదు, పెడల్ మరలకు గ్రీజు కూడా తగలలేదు. బిల్లు కాపీ, ముద్ర ఫోటో, రెండు స్టిక్కర్లూ కనిపించే పెట్టె ఫోటో జత చేశాను. ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. వారంలోగా రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు